తలుపుకు అడ్డంగా నేను

ఏప్రిల్ 12, శనివారం

కర్పూరం తెమ్మని పంపితే కారంపొడి పట్టుకొచ్చాను. అవ్వ ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. కన్నతల్లే కదా, అరవనీ.

రాయమల్లు తాత దుకాణంలో నేను 'క' దగ్గర ఆగిపోయాను. నోరు తెరిచే ఉంది, మాట మాత్రం గొంతులో కాళ్లు చాపుకుని కూర్చుంది. రాయమల్లు తాత మంచివాడు, అదే నాకొచ్చిన చిక్కు. "కందిపప్పా బిడ్డా?" అన్నాడు. కాదని తలూపాను. "కారమా?" అన్నాడు. వెనక జనం నిలబడ్డారు. ఒకామె గాజులు గలగలలాడిస్తూ తొందరపెడుతోంది. అవునని తలూపేశాను. పొట్లం చేతిలో పెట్టి, "గింత మాటకు గంత పరేషానెందుకే" అన్నాడు ప్రేమగా.

ఎవరు ఏ మాట అందిస్తే అదే నా మాట. పోయిన వారం పెరుగుకు పోయి పల్లీలతో వచ్చాను. బడిలో మేడం "జ్వరమా?" అంటే జ్వరమే. "చదవలేదా?" అంటే చదవలేదే. చదివిన రోజు కూడా.

పేరైనా ఇంకో అక్షరంతో పెట్టొచ్చు కదా. కోమల అట. ఇంత వర్ణమాలలో బాపుకు వేరేది దొరకలేదు. అన్న పేరూ 'క'తోనే, కరుణాకర్. అన్నకేం, మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు, గడగడా మాట్లాడతాడు. నత్తి అంతా నా వాటాకే వచ్చింది.

ఏప్రిల్ 13, ఆదివారం

వదిన పొద్దున్నుంచి మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. వదిన అని రాస్తున్నాను గానీ ఇంకా కాలేదు. వచ్చే నెల పద్దెనిమిదిన పెళ్లి. పేరు సృజన. భైంసాలో ఒక దవాఖాన ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంది.

ఫిబ్రవరిలో పిల్లను చూడడానికి భైంసా పోయాం. అన్న మస్కట్ నుంచి ఫోన్‌లో చూశాడు, మేము కళ్లతో చూశాం. వాళ్లమ్మ అటుకులు పెట్టి, నా గదవ పట్టుకుని "నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది. నేను మొదలుపెట్టాను. నాకు గుర్తుంది, మొదలైతే పెట్టాను. మెడ బిగుసుకుంది, కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. అవ్వ గబుక్కున అందుకుంది. "గొంతు పట్టింది దీనికి. చల్లటి నీళ్లు తాగద్దంటె వినది. కోమల దీని పేరు."

అంతే. అప్పటి నుంచి నాకు గొంతు పట్టే ఉంది.

అవ్వ మీద కోపం లేదు. సంబంధం కుదిరే వేళ ఇంటి పిల్లకు నత్తి అంటే ఏమనుకుంటారో అని భయపడింది. బాపు కూడా దారిలో "మంచిగనే జేసినవ్ తియ్" అన్నాడు. నేను కారులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకేం కోపం లేదు.

వదినతో టైపు చేసి మాట్లాడతాను. టైపు చేస్తే నా అంత వాగుడుకాయ ఈ చొప్పదండి మండలంలోనే లేదు. మా బర్రె అలిగిన సంగతి, బాపు తల్లి బాపమ్మ టీవీ సీరియల్లో అత్తను తిట్టే తిట్లు, అన్న చిన్నప్పుడు బావి మోటారుకు దండం పెట్టుకున్న సంగతి, అన్నీ చెప్పాను. వదిన నవ్వుతూ వాయిస్ మెసేజ్ పెడుతుంది. "నువ్వు ఇంటి నిండ ముచ్చట పెడ్తవు గదనే. నాకు గసొంటి ఆడబిడ్డనే కావాలె" అంది ఇవాళ.

ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో. ఆమెకు కావలసిన ఆడబిడ్డ ఎవరో గానీ నేను కాదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఏమీ జరగలేదు. నాకేం బాధ లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

పెద్దబాపు వాళ్లు వచ్చారు. పెళ్లి పనులు ఎవరెవరు చూడాలో మాట్లాడుకున్నారు. నేను చాయ్‌లు ఇస్తున్నాను. ఆఖరుకు బాపమ్మ తలుపు సంగతి ఎత్తింది.

"కొత్త జంట ఇంటికొచ్చినప్పుడు ఆడబిడ్డ గడప కాడ అడ్డం నిలవడాలె. పేర్లు చెప్పించాలె. నీకు బిడ్డ పుడితె నా కొడుక్కిస్తవా అని మాట తీసుకోవాలె. ఇస్తనని మాటిచ్చినంకనే కాలు లోపల పెట్టనియ్యాలె. నేను నిలవడ్డప్పుడు మా వదినెను గంటసేపు బయటనే నిలవెట్టిన. ఏమడిగితె గది ఒప్పుకున్నది పాపం." ఇంత చెప్పి నా వైపు తిరిగింది. "మన ఇంటికి ఆడబిడ్డ ఇదే గద."

పెద్దబాపు చాయ్‌ని చప్పుడు చేస్తూ తాగాడు. నాకు చెవులు వేడెక్కాయి.

అవ్వ అంది, "భవ్య నిలవడ్తది తియ్యి. అది సుత చెల్లెనే గద."

భవ్యశ్రీ పెద్దబాపు కూతురు. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతుంది, ఫోన్‌లో వీడియోలు చేస్తుంది. దాని నోట్లో మాటలు వేయించిన పేలాల్లా ఎగురుతాయి. పిలిచి నిలబెట్టినా నిలబెట్టకపోయినా వీడియో అయితే తీసుకుంటుంది.

"ఏమే కోమలా, నీకేమన్న ఉన్నదా?" అన్నాడు బాపు.

"లే... లే..." అన్నాను.

"లేదంటుంది" అంది అవ్వ.

నిజంగానే లేదనే అనబోయాను. అదంతా పాతకాలపు తంతు. పుట్టని బిడ్డను పుట్టని కొడుక్కు అడగడమేమిటి? నవ్వొచ్చే సంగతి. భవ్యక్క చేస్తే నాకే మంచిది, హాయిగా పక్కన నిలబడి చూడొచ్చు.

ఏప్రిల్ 21, సోమవారం

పుట్టని బిడ్డను పుట్టని కొడుక్కు అడగడం నిజంగా పిచ్చి పని. మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే పొద్దున్నుంచీ అదే తిరుగుతోంది తలలో. ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను. బర్రెకు కడుపు పగిలేంత నీళ్లు పెట్టాను.

ఏప్రిల్ 23, బుధవారం

బడి ఆఖరి రోజు. తొమ్మిది అయిపోయింది. మార్కులు ఇవ్వడానికి అవ్వను పిలిచారు. తెలుగు మేడం మంచి మాటే చెప్పింది. "పాప మంచిగ రాస్తది. కరీంనగర్‌ల మాట మంచిగ చేసే డాక్టర్లుంటరు, ఒక్కసారి చూపెట్టుండ్రి" అంది. అవ్వ "పెండ్లి కానియ్యుండ్రి మేడం, పెద్దగైతె గదే పోతది" అని లేచింది. నేను మేడంకు సరేనని చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. దారిలో అవ్వ అంది, "గామె ముంగట నువ్వు ఎందుకు మాట్లాడినవే? నేనున్న గద."

ఇంటికి వచ్చేసరికి బాపమ్మ వస కొమ్ము అరగదీసి సిద్ధంగా ఉంచింది. చంటిపిల్లలకు మాటలు రావడానికి నాలుకకు రాస్తారు అది. నాకు పదో తరగతి వచ్చింది, ఇంకా రాస్తూనే ఉంది. చేదు. పోనీలే, ఆమె సంతోషం.

ఏప్రిల్ 29, మంగళవారం

పీకల మీదికి వచ్చింది.

వదిన ఇవాళ వాయిస్ మెసేజ్ పెట్టింది, నవ్వులు లేకుండా. "కోమలా, రెండు నెలలాయె, గొంతు ఇంక తగ్గలేదంటె మంచిగ కాదు. మా డాక్టర్ సారును అడిగిన. గొంతుల దూది పెట్టి పరీక్ష చేద్దామన్నడు. థైరాయిడ్ సుత చూద్దమన్నడు. మీ అన్నకు చెప్పనా?"

తర్వాత ఇంకోటి. "మా అమ్మ సుత అడుగుతుంది, పోరికి ఏమన్న పెద్ద బీమారి ఉన్నదా, వాళ్లు చెప్తలేరా అని. నేను కొట్లాడిన. నా కోమలకేం లేదని."

నా కోమల అంది. అది చదివి, కాదు, విని, దొడ్లోకి పోయి నిలబడ్డాను. నత్తి అని చెప్తే అయిపోయేదానికి ఇప్పుడు నాకు గొంతులో దూది పెడతారట.

అవ్వకు వినిపించాను. అవ్వ ముఖం పాలిపోయింది. "మిరియాల పాలు తాగుతున్న, తగ్గుతుందని రాయి" అంది. రాశాను. ఇంకా చాలా రాశాను, బర్రె సంగతులు కూడా. వదిన మళ్లీ నవ్వింది. "తలుపు కాడ ఏమడుగుతవో నాకిప్పుడే చెప్పు, తయారైత" అంది. "చెప్ప. నిన్ను తెల్లారేదాక బయటనే నిలవెడ్త" అని టైపు చేశాను.

ఎందుకు రాశానో తెలియదు. తలుపు దగ్గర నిలబడేది భవ్యక్క కదా.

మే 4, ఆదివారం

పత్తి వేసే గది ఖాళీగా ఉంది ఇప్పుడు. బాపు పంటంతా జమ్మికుంట మార్కెట్‌కు తోలేశాడు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆ గది తలుపు దగ్గర నిలబడి చేతులు అడ్డంగా పెట్టి చూశాను. ఊరికే చూశాను.

"పేర్లు చెప్పి రాండ్రి" అన్నాను. గడగడా వచ్చింది. "నీకు బిడ్డ పుడితె నా కొడుక్కిస్తవా వదినా?" మంచినీళ్లు తాగినట్టు వచ్చింది. నా పేరు చెప్పుకున్నాను. కోమల. కోమల. కోమల. నాకు నత్తి లేదు! ఎవరూ లేని చోట ఎన్నడూ లేదు. అందుకే నాకు ఒళ్లు మండుతుంది. ఉంటే అన్నిచోట్లా ఉండాలి, లేకపోతే పోవాలి.

అవ్వ తాగునీళ్ల కోసం లేచి వచ్చి "ఎవలతోని మాట్లాడుతున్నవే?" అంది.

"ఎ... ఎ..."

"ఎవలతోని లేదా? మరి పోయి పండుకో."

మే 9, శుక్రవారం

అన్న వచ్చాడు. నల్లబడ్డాడు, కొంచెం పొట్ట వచ్చింది. నాకు సెంటు సీసా, చాక్లెట్లు. ఇల్లంతా అత్తరు వాసన, చుట్టాలు, చెప్పులు.

సాయంత్రం మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాడు, "సృజనకు ఇంక తెల్వదట గద? అవ్వ చెప్పింది. నేను చెప్తనే ఇయ్యాల."

వద్దని చేతులు ఊపాను. ఎందుకంటే అది చెప్పేది నేనే అయి ఉండాలి అనుకున్నాను. ఆ మాట అనడానికి "నే... నే..." అన్నాను.

"నేను చెప్తే బాగుండదంటవా? సరే, పెండ్లయినంక చెప్దాం తియ్. ఫికర్ చెయ్యకు" అని తల నిమిరాడు.

మంచి అన్న. నాకు చాక్లెట్ చేదుగా ఉంది.

మే 13, మంగళవారం

నేనే చెప్పాను వదినకు. చెప్పాననే అనుకోవాలి.

గొర్రు, నాగలి పెట్టే కొట్టంలో కూర్చుని వాయిస్ మెసేజ్ రికార్డు చేశాను. "వదినా, నాకు గొంతు పట్టలేదు, నత్తి ఉంది." ఒక్క వాక్యం. ఒంటరిగా ఉన్నాను కాబట్టి గడగడా రావాలి కదా? రాలేదు. ఫోన్‌లో ఎర్ర చుక్క వెలుగుతుంటే వదినే ఎదురుగా కూర్చున్నట్టు అయింది. 'వ' దగ్గర పట్టుకుంది. పట్టుకుని, పట్టుకుని, ఊపిరి అయిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. కోపం వచ్చి ఏది ఎట్లుంటే అట్లా పంపేశాను. వింటే తెలిసిపోతుంది, నా పని అయిపోతుంది అనుకున్నాను.

వదిన రాసింది: "ఖాళీ మెసేజొచ్చింది. సప్పుడే లేదు. చెయ్యి తగిలిందా?"

నా నత్తికి చప్పుడు కూడా ఉండదని నాకు అప్పుడే తెలిసింది. లోపల అంత యుద్ధం జరుగుతుంటే బయటికి ఖాళీ.

"అవును, చెయ్యి తగిలింది" అని రాశాను.

పిరికిదాన్ని. రాయాలి కాబట్టి రాస్తున్నాను. పిరికిదాన్ని.

మే 15, గురువారం

భవ్యక్క వచ్చింది. ప్రాక్టీసు అట. అది నన్ను ప్రేమగానే చూస్తుంది, తిట్టడానికి కూడా సందు ఇవ్వదు.

"గిట్ల చేద్దాం. నువ్వే అడ్డం నిలవడు, నీ హక్కు గద. నేను నీ ఎనుక నిలవడి అడుగుత. నువ్వు పెదాలు కదిలియ్యి సాలు. వీడియోల గట్లనే చేస్తరు, ఎవలకు తెల్వదు" అంది.

అవ్వ సంబరపడింది. బాపు కూడా. అందరికీ నచ్చింది. నా మాట భవ్యక్క అంటుంది, నా మూతి నేను ఆడిస్తాను. గొంతు పట్టిందన్న అబద్ధం కూడా గొంతు బాగైందన్న అబద్ధంతో తీరిపోతుంది. మంచి ఉపాయం. నిజంగా మంచి ఉపాయమే.

అద్దం ముందు పెదాలు కదిలించి చూశాను. బాగా వస్తోంది.

అన్నం సయించలేదు. ఎండకు.

మే 17, శనివారం

మెహందీ పెట్టుకున్నాను. రేపు పొద్దున్నే భైంసాకు బస్సు.

మే 19, సోమవారం

పెళ్లి నిన్న అయిపోయింది. ఇల్లంతా నిద్రపోతున్నట్టు ఉంది, పొద్దెక్కినా ఎవరూ లేవలేదు. నాకు నిద్ర పట్టక రాస్తున్నాను. వరసగా రాయాలి, లేకపోతే కలిసిపోతాయి.

భైంసాలో ఫంక్షన్ హాలు. డప్పులు, బ్యాండు, మైకులో పంతులు. ఆ చప్పుడు ఉన్నంతసేపు నాకు బాగానే ఉంది, అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు కదా. వదిన పెళ్లిపీట మీది నుంచి నన్ను చూసి తన గొంతు మీద వేలు పెట్టి "ఎట్లుంది?" అన్నట్టు కళ్లెగరేసింది. నేను బాగుంది అని బొటనవేలు చూపించాను. వాళ్లమ్మ నా కోసం ఫ్లాస్కులో పసుపు పాలు పెట్టి ఇచ్చింది. "దారిల తాగు బిడ్డా, ఊదుకుంట తాగు." తాగాను. ఆ పాలు దిగుతుంటే నాకు నేనే దొంగలా అనిపించాను.

తిరుగు ప్రయాణంలో వదిన నన్ను తన కారులోనే కూర్చోమని పట్టుబట్టింది. ముందు సీట్లో కూర్చుని నిర్మల్ దాటకముందే నిద్ర నటించాను. జగిత్యాల వచ్చినా లేవలేదు. వెనక వదిన అన్నతో మెల్లగా అంటోంది, "పాపం, అలిసిపోయింది. ఇంటికి పొయ్యినంక నాతోని తనివితీర మాట్లాడాలె ఇది." అన్న కిటికీ అద్దం దించాడు. నా మెడ పట్టేసింది అయినా కదలలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. నేను ముందు దిగి లోపలికి పరుగెత్తాను. గడప మీద సోలెడు బియ్యం పెట్టి ఉంది. బాపమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను, రెండు చేతులూ దర్వాజకు రెండు పక్కలా పెట్టి. నా వెనకే భవ్యక్క, నా జడ దాని గదవకు తగిలేంత దగ్గరగా. వాకిట్లో చుట్టాలు, ఇరుగుపొరుగు, వీడియో ఆయన లైటు.

"పేర్లు చెప్పి రాండ్రి" అంది భవ్యక్క నా చెవి పక్క నుంచి. నేను పెదాలు కదిలించాను.

అన్న సిగ్గు పడకుండా "సృజనతోని వచ్చిన" అన్నాడు. వదిన తల వంచుకుని "కరుణాకర్ గారితోని వచ్చిన" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"నీకు బిడ్డ పుడితె నా కొడుక్కిస్తవా వదినా?"

నా పెదాలు ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

"ఇస్త" అంది వదిన. అని, తల ఎత్తి నా ముఖంలోకి చూసి, ఎంత సంతోషంగా నవ్విందో. "గొంతు మంచిగైంది గదనే! నీ గొంతు గిట్లుంటదా? ఎంత మంచిగున్నది."

అది భవ్యక్క గొంతు.

ఇన్నాళ్లూ నాకు మాట లేదని ఏడ్చాను. నిన్న నాకు ఇంకొకరి మాట ఇచ్చేశారు, వదిన దాన్ని నాదనుకుని ముద్దు చేసింది. రేపటి నుంచి ఈ ఇంట్లో ఆమె వెతికేది ఆ గొంతునే అనుకున్నాను. నేను మళ్లీ తలూపితే చాలు. అవును అది నాదే అని. కారం పొట్లం పట్టుకొచ్చినట్టు తీసుకుని లోపలికి పోవచ్చు.

వదిన బియ్యం సోల మీదికి కాలెత్తింది. "సాలు ఇగ, తియ్యి చెయ్యి" అన్నారు ఎవరో. నేను తీయలేదు.

"తియ్యవే" అని గొణిగింది భవ్యక్క.

తీయలేదు. వదిన కాలు వెనక్కి పెట్టుకుంది, ఇంకా నవ్వుతూనే ఉంది. ఆటనుకుంది.

"వ..." అన్నాను నేను. నా గొంతుతో. అక్కడే పట్టుకుంది.

మొదట అవ్వ అందుకుంది, హారతి పళ్లెం పట్టుకునే. "వచ్చెయ్యుమంటుంది, రా బిడ్డా రా." నేను కాదని తలూపాను. అవ్వ నా వైపు చూసిన చూపు మరిచిపోను. ఎన్నడూ కాదనలేదు నేను అవ్వను.

"వ... వ..."

"వదినా అంటుంది" అన్నాడు పెద్దబాపు.

"వంగి దండం పెట్టుమంటున్నదా?" అంది పక్కింటామె.

"అమ్మా, చెయ్యి జర దించు, పెండ్లిపిల్ల కనవడ్తలేదు" అన్నాడు వీడియో ఆయన.

ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అందిస్తున్నారు, వాకిట్లో వేలం పాటలాగా. నేను అందరికీ తల అడ్డంగా ఊపుతున్నాను. మెడ బిగుసుకుంది, కళ్లు మూసుకుపోయాయి. బలవంతంగా తెరిచాను. వదిన నవ్వు ఆగిపోయి ఉంది. నన్ను చూసింది, నా భుజం మీదుగా భవ్యక్కను చూసింది, మళ్లీ నన్ను. అర్థం అవుతోంది ఆమెకు. అప్పుడు ఆమె కూడా, పాపం జాలితోనే, అందుకుంది. "బిడ్డనిస్తనా అని మల్ల అడుగుతున్నవా? ఇస్త అన్న గద కోమలా."

ఈమె కూడా. ఆ ఒక్క క్షణం చెయ్యి తీసేద్దామనుకున్నాను, నిజంగా. కాదని తలూపాను. ఎందుకు ఊపగలిగానో చెప్పలేను, బహుశా కోపంతో.

"వ... వదినా" వచ్చింది. "నే... నే... నేను మాట్లాడుతుంటె." ఊపిరి తీసుకున్నాను. "నా మా... మా... మాట అయ్యేదాక." ఇంకోసారి తీసుకున్నాను. "ఆ... ఆ... ఆ... ఆగుతవా?"

రాయమల్లు తాత ఉన్నాడు ఆ గుంపులో, తల వంచుకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వదిన అడిగింది, "గొంతు పట్టలేదా?"

"ప... పట్టలే."

"ఎన్నడు పట్టలేదా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. కోపమో ఏడుపో నాకు తెలియలేదు. ఇన్ని నెలల నా అబద్ధమంతా ఆమె ముఖం మీద ఒక్కొక్కటిగా పోవడం చూశాను. దూది పరీక్ష, పసుపు పాలు, వాళ్లమ్మతో పెట్టుకున్న కొట్లాట. తిడుతుంది అనుకున్నాను. తిట్టినా నిలబడదాం అనుకున్నాను.

"ఇగ తియ్యి బిడ్డా, పొద్దువోయింది" అని అవ్వ మొదలుపెట్టింది.

"ఆగవ్వా" అన్నాడు అన్న.

వదిన బియ్యం సోల దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేసి తిన్నగా నిలబడింది. మెడలో దండ సర్దుకుంది. "నువ్వు నాకు అబద్ధం జెప్పినవు. నేను సుత నీ మాట మధ్యల అందుకున్న. నాకు ఇంక కాలు లోపల పెట్టే హక్కు రాలే" అంది. "మల్ల మొదటి నుంచి అడుగు."

నా వెనక నుంచి భవ్యక్క పక్కకు జరగడం తెలిసింది. వీపుకు చల్లగాలి తగిలింది.

అడిగాను. మొదటి నుంచి, అంతా. 'వ' దగ్గర ఆగింది, 'నే' దగ్గర ఆగింది, మొదటిసారి ఆగని చోట్ల కూడా ఆగింది. వీడియో ఆయన లైటు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వాకిట్లో ఒక్కరు కూడా మాట అందించలేదు. వదిన నా నోరు చూడలేదు, నా కళ్లలోకి చూస్తూ నిలబడింది.

మొదటిసారి కంటే రెండోసారి చాలా ఎక్కువ సేపు పట్టింది. నేను తొందరపడలేదు. అంతా అయ్యాక ఆమె "ఆగుత" అంది, అప్పుడు చెయ్యి తీశాను.